ఊరి పేరులో లేని వేటగాడు: 'బేడర కన్నప్ప' నుంచి ఫాల్కే దాకా రాజ్‌కుమార్ జీవితం

శ్రీకాళహస్తి అన్న పేరును విడదీస్తే మూడు ప్రాణులు కనిపిస్తాయి. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివుణ్ణి కొలిచి తరించాయని స్థలపురాణం చెబుతుంది. అదే పురాణంలో ఒక మనిషి కూడా ఉన్నాడు. అతను బోయ తిన్నడు. వేటాడి తెచ్చిన మాంసాన్ని నైవేద్యం పెట్టాడు, పుక్కిట పట్టిన నీళ్లతో అభిషేకం చేశాడు, చివరికి తన కళ్లనే పెకిలించి ఇచ్చాడు. ఊరి పేరులో పురుగుకు చోటుంది, పాముకు చోటుంది, ఏనుగుకు చోటుంది. తిన్నడికి లేదు. గుడి పక్కనున్న కొండకు మాత్రం కన్నప్ప కొండ అనే పేరు మిగిలింది.

1954లో ఈ తిన్నడి కథ రెండు భాషల్లో సినిమాగా వచ్చింది. రెండింటికీ దర్శకుడు హెచ్.ఎల్.ఎన్. సింహా. రెండింటిలోనూ తిన్నడి వేషం వేసింది ఒకే కుర్రవాడు. కన్నడ సినిమాకు 'బేడర కన్నప్ప' అని పేరు పెట్టారు. బేడ అంటే వేటగాడు, అది కులం పేరు కూడా. తెలుగుకు వచ్చేసరికి ఆ పేరు పోయింది. మన దగ్గర ఆ సినిమా 'శ్రీ కాళహస్తి మహత్యం'. కన్నడంలో వేటగాడి పేరున్న చోట తెలుగులో క్షేత్రం పేరు వచ్చి కూర్చుంది.

ఆ కుర్రవాడే తర్వాత కన్నడ దేశమంతా అన్నగా పిలుచుకున్న డాక్టర్ రాజ్‌కుమార్. ఆయన నటించిన ఒకే ఒక్క తెలుగు సినిమా మన శ్రీకాళహస్తి కథే. పద్మభూషణ్, దాదాసాహెబ్ ఫాల్కే, కర్ణాటక రత్న, గౌరవ డాక్టరేట్, లెక్కకు మించిన రాష్ట్ర అవార్డులు ఆయనకు వచ్చాయి. సినిమా అవార్డుల జాబితాలు చూసినప్పుడు ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అని మాత్రమే మాట్లాడుకుంటాం. ఎవరి కథకు వచ్చింది, ఆ కథలోని మనుషులకు ఏం దక్కింది అని అడగం. రాజ్‌కుమార్ జీవితాన్ని ఆ ప్రశ్నతో చదవాలి.

ఈడిగ ఇంటి ముత్తురాజు

రాజ్‌కుమార్ అసలు పేరు సింగానల్లూరు పుట్టస్వామయ్య ముత్తురాజు. 1929 ఏప్రిల్ 24న గాజనూరులో పుట్టారు. ఆ పల్లె ఇప్పుడు తమిళనాడులోని ఈరోడ్ జిల్లా తాళవాడి ప్రాంతంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకుని, అడవి అంచున ఉంది. కుటుంబానిది ఈడిగ కులం. రాయలసీమ పాఠకులకు ఈ పేరు విడమరచి చెప్పనక్కర్లేదు. ఈత చెట్టెక్కి కల్లు గీసి బతికే కులం. చిత్తూరు, అనంతపురం జిల్లాల్లోనూ ఈడిగ వాళ్లున్నారు, మన రాష్ట్రంలో వెనకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు.

తండ్రి పుట్టస్వామయ్య నాటకాల మనిషి. గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో పేరున్న నటుడు. కంపెనీ ఎక్కడ డేరా వేస్తే కుటుంబం అక్కడికి వెళ్లేది. అలా తిరిగే పిల్లవాడికి బడి ఎక్కడ కుదురుతుంది? ముత్తురాజు చదువు మూడు, నాలుగు తరగతుల దగ్గరే ఆగింది. అక్షరాలు బడిలో కన్నా నాటకాల్లోనే ఎక్కువ వచ్చాయి. పద్యం పాడటం, రాగం పట్టటం, గొంతు చివరి వరసదాకా వినిపించేలా మాట విసరటం అక్కడే నేర్చుకున్నారు. పిల్లవాడిగా చిన్న చిన్న వేషాలు వేశారు. సినిమాల్లోనూ మొదట దొరికినవి ఎవరూ గుర్తుపెట్టుకోని వేషాలే. 1952లో వచ్చిన 'శ్రీ శ్రీనివాస కల్యాణ'లో సప్తర్షుల్లో ఒకరు.

ఆ రోజుల్లో దక్షిణాదిలో నాటక కంపెనీలకు ఒక ప్రత్యేకత ఉండేది. చదువుకు, ఉద్యోగానికి, గుడికి దూరంగా ఉంచిన కులాల పిల్లలు పాట వల్లో, ఆట వల్లో అక్కడ లోపలికి రాగలిగేవారు. లోపలికి వచ్చాక రాజు వేషం వేయవచ్చు, ఋషి వేషం వేయవచ్చు. వేషం తీశాక కులం మళ్లీ ఒంటికి అంటుకునేది. అయినా ఆ కాసేపటి చోటులోంచే కొందరు గొప్ప కళాకారులు తయారయ్యారు. ముత్తురాజు వారిలో ఒకరు.

1953లో పార్వతమ్మతో పెళ్లయింది. తర్వాతి కాలంలో ఆమె సొంతంగా సినిమాలు తీసిన నిర్మాతగా ఎదిగారు. పెళ్లయిన మరుసటి ఏడాదే కన్నప్ప వేషం దొరికింది. ముత్తురాజుకు రాజ్‌కుమార్ అనే పేరు పెట్టింది సింహానే. ఆ సినిమాతోనే వెలుగులోకి వచ్చిన మరో ఇద్దరు నరసింహరాజు, జి.వి. అయ్యర్. ఒకరు కన్నడంలో గొప్ప హాస్యనటుడయ్యారు, మరొకరు పేరున్న దర్శకుడయ్యారు. ముగ్గురూ నాటకాల నుంచి వచ్చినవాళ్లే.

వేటగాడు వేటగాడిగా చాలడు

సినిమాలో కథ ఇలా నడుస్తుంది. శాపం తగిలిన దేవలోకపు జంట భూమ్మీద వేటగాళ్ల గూడెంలో పుడతారు. గుడి పెత్తనం చేసే శాస్త్రికి ఈ వేటగాడు కంట్లో నలుసు. దేవుడి నగల దొంగతనం అతని మీద మోపుతారు, హింసిస్తారు. చివరికి కళ్లిచ్చి అతను తన భక్తిని నిరూపించుకుంటాడు.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. పూజారి పెత్తనాన్ని, అడవి మనిషి మీద వేసే దొంగ ముద్రను 1954లో ఒక భక్తి సినిమా సూటిగా చూపించింది. అది చిన్న సంగతి కాదు. కానీ ఆ వేటగాడు గొప్పవాడు కావడానికి అతను వేటగాడైతే చాలలేదు. పూర్వజన్మలో దేవతై ఉండాల్సి వచ్చింది. కన్నప్పను అర్జునుడి మరుజన్మ అని చెప్పే కథలూ ఉన్నాయి. పద్ధతి అదే. అడవి మనిషి ప్రేమను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేక, దానికి పై లోకం నుంచి ఒక పుట్టుక తెచ్చి అతికిస్తారు.

శైవ నాయనార్లు 63 మందిలో కన్నప్ప ఉన్నాడు, మన నందనార్ ఉన్నాడు. గుడిలోకి పోవడానికి కన్నప్ప కళ్లివ్వాల్సి వచ్చింది, నందనార్ చిదంబరంలో నిప్పుల్లో దిగాల్సి వచ్చింది. పూజారికి అలాంటి పరీక్ష ఏ కథలోనూ లేదు. అతను పక్కన నిలబడి చూస్తే చాలు, అతనికీ దర్శనమైపోతుంది.

1954: పతకాలు, పత్రాలు

దేశంలో ప్రభుత్వం ఏటా ఇచ్చే సినిమా అవార్డులు అప్పుడే మొదలయ్యాయి. 1953 సినిమాలకు తొలిసారి ఇచ్చారు. రెండో ఏడాది, అంటే 1954 సినిమాలకు, ప్రాంతీయ భాషలకు విడిగా రాష్ట్రపతి రజత పతకాలు, యోగ్యతా పత్రాలు ఇచ్చారు. తెలుగులో రజత పతకం కె.వి. రెడ్డి తీసిన 'పెద్దమనుషులు'కు వచ్చింది. 'తోడుదొంగలు', 'విప్రనారాయణ' సినిమాలకు యోగ్యతా పత్రాలు దక్కాయి. కన్నడంలో యోగ్యతా పత్రం 'బేడర కన్నప్ప'కు వచ్చింది. అలా జాతీయ వేదిక మీద కన్నడ సినిమా పేరు వినిపించింది ఒక బేడ మనిషి కథతో, అందులోనూ మన శ్రీకాళహస్తి కథతో.

అప్పట్లో జాతీయ అవార్డుల్లో నటులకు విడిగా ఏమీ లేదు. ఉత్తమ నటుడు, ఉత్తమ నటి పురస్కారాలు 1967 సినిమాలతో మొదలయ్యాయి. కాబట్టి తిన్నడికి ప్రాణం పోసిన 25 ఏళ్ల కుర్రవాడికి ఢిల్లీ నుంచి ఏమీ రాలేదు. ఆయనకు వచ్చింది జనం ఇచ్చిన గుర్తింపు. ఆ సినిమాతో మొదలై రెండు వందలకు పైగా సినిమాల్లో ఆయన నటించారు, దాదాపు అన్నిటా హీరోగానే.

కింది కులాల భక్తులు, ఒకే ముఖం

రాజ్‌కుమార్ తొలి ఇరవై ఏళ్ల సినిమాల్లో ఒక వరస కనబడుతుంది. వేటగాడు కన్నప్ప తర్వాత 1960లో 'భక్త కనకదాస', 1962లో 'మహాత్మా కబీర్', 1963లో 'సంత తుకారాం', 1974లో 'భక్త కుంబార'. కనకదాసు గొర్రెల కాపరుల కులంవాడు. కబీరు నేతగాడు. తుకారాం శూద్ర రైతు. గోరా కుమ్మరి. వేట, గొర్రెలు, మగ్గం, నాగలి, సారె. కష్టం చేసే కులాల చేతి పనులన్నీ ఈ కల్లుగీత కులం బిడ్డ ఒంటి మీదుగా తెరకెక్కాయి. 'భక్త కుంబార' కథే తర్వాత తెలుగులో అక్కినేనితో 'చక్రధారి'గా వచ్చింది.

కనకదాసు కథ మనకు ఎక్కువ పనికొస్తుంది. ఉడుపి కృష్ణుడి గుడిలోకి ఆయన్ను రానివ్వలేదు. గుడి వెనక నిలబడి పాడితే గోడ పగిలి, విగ్రహం ఆయన వైపు తిరిగిందని కథ. ఆ సందునే ఇప్పటికీ కనకన కిండి అంటారు, అక్కడి నుంచి దర్శనం చేసుకోవడం గొప్పగా చెప్పుకుంటారు. కానీ కథలో దేవుడు తిరిగాడు, గోడ పగిలింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. కింది కులం భక్తుడికి సందు దొరికింది, వాకిలి దొరకలేదు.

1965లో వచ్చిన 'సత్య హరిశ్చంద్ర'లో రాజ్‌కుమార్ రాజు. ఆ రాజును కొనుక్కుని కాటికాపరిగా పెట్టుకునేవాడు వీరబాహు. కన్నడంలో వీరబాహు వేషం ఎం.పి. శంకర్‌ది. కులంలో ఎక్కువేది, తక్కువేది అని శ్మశానంలో నిలబడి అతను నిలదీసే పాట అరవై ఏళ్లుగా కర్ణాటక ఊళ్లలో మోగుతూనే ఉంది. ఆ కన్నడ పాట పాడింది మన ఘంటసాల. రాజ్‌కుమార్ సినిమాల్లో కులాన్ని పేరుపెట్టి నిలదీసిన ఘట్టాల్లో ఇదొకటి. అయితే ఆ మాట హీరో నోట రాలేదు, కాటికాపరి నోట వచ్చింది.

అదే నటుడు మంత్రాలయ రాఘవేంద్రస్వామి వేషమూ వేశారు, 1970లో శ్రీకృష్ణదేవరాయల వేషమూ వేశారు. 1516లో శ్రీకాళహస్తికి ఎత్తయిన రాజగోపురం కట్టించిన రాయలే ఆయన. ఆ గోపురం 2010 మే 26న కూలిపోయింది. గుడిలో మాంసం పెట్టిన తిన్నడూ, గుడికి గోపురం కట్టిన రాజూ తెర మీద ఒకే మనిషి. ఒక ఈడిగ ఇంటి బిడ్డకు సినిమా అంత చోటిచ్చింది. బయట సమాజం అంత చోటు ఎవరికిచ్చిందన్నది వేరే లెక్క.

1970ల తర్వాత భక్తుల వేషాలు తగ్గి రైతులు, ఉద్యోగులు, గూఢచారులు వచ్చారు. 1972 నాటి 'బంగారద మనుష్య' చూసి చదువుకున్న కుర్రవాళ్లు పొలాలకు తిరిగి వెళ్లారని కర్ణాటకలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సినిమాల్లో మంచి రైతు కనిపిస్తాడు, ఆ పొలంలో కూలి చేసే దళితుడి కథ కనిపించదు. ఆడవాళ్లను అణకువలో పెట్టడమే సంస్కారంగా చూపించిన సినిమాలూ ఆయన చేశారు. అభిమానంతో ఈ సంగతులు దాచనక్కర్లేదు.

దళితుడి కథకు స్వర్ణ కమలం

ఇదే కాలంలో కన్నడంలో మరో రకం సినిమా వచ్చింది. బి.వి. కారంత్ తీసిన 'చోమన దుడి' 1975 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణ కమలం అందుకుంది. సొంత నాగలితో సొంత మడి దున్నుకోవాలని జీవితమంతా కలగన్న దళిత వెట్టి మనిషి చోముడి కథ అది. రాసింది శివరామ కారంత్. చోముడి వేషం వేసిన ఎం.వి. వాసుదేవరావుకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. మంచి సినిమా, మంచి నటన. కానీ దళితుడి దుఃఖం జాతీయ అవార్డుల వేదిక మీదికి ఎలా వచ్చిందో చూడండి. కథ రాసిందీ, తీసిందీ దళితులు కారు. దళితుడు అక్కడికి విషయంగా వచ్చాడు, చేసేవాడిగా రాలేదు.

రాజ్‌కుమార్‌ది దీనికి ఎదురు దారి. వెనకబడిన కులంలోంచి వచ్చి, తెర మీద చేసేవాడిగా నిలబడ్డారు. అయితే ఆయన సినిమాలు జనం చూసే సినిమాలు. జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ఆయనకు ఒక్కసారి కూడా రాలేదు.

గొంతుకు వచ్చిన గుర్తింపు

మొదట్లో చాలా ఏళ్లు ఆయనకు పాటలు పాడింది మన కాకినాడ గాయకుడు పి.బి. శ్రీనివాస్. నాటకాల్లో పాడుతూ పెరిగిన మనిషి సినిమాల్లో మరొకరి గొంతుకు పెదవులు కలపాల్సి వచ్చింది. 1974లో 'సంపత్తిగె సవాల్'లో గేదె మీద కూర్చుని పాడే పాటను ఆయనే పాడారు. అక్కడి నుంచి తన పాటలు తానే పాడుకోవడం ఆనవాయితీ అయింది. 1992 నాటి 'జీవన చైత్ర'లో పాటకు జాతీయ ఉత్తమ గాయకుడి అవార్డు వచ్చింది. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. జాతీయ అవార్డుల్లో పోటీపడి గెలుచుకున్నది అదొక్కటే. తండ్రి దగ్గరా, నాటక కంపెనీలోనూ నేర్చుకున్న విద్యకు అది దక్కింది.

మిగతా గౌరవాలన్నీ వరసగా వచ్చాయి. రాష్ట్ర ఉత్తమ నటుడి అవార్డు తొమ్మిది సార్లు. 1976లో మైసూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. నాలుగో తరగతి దాటని మనిషి పేరు ముందు అప్పటి నుంచి డాక్టర్ చేరింది. 1983లో పద్మభూషణ్. 1992లో కర్ణాటక ప్రభుత్వం కర్ణాటక రత్న పురస్కారం మొదలుపెట్టి, మొదటి విడతలో కువెంపుకు, రాజ్‌కుమార్‌కు ఇచ్చింది. శూద్ర కులంలో పుట్టి మనుషులంతా ఒకటేనని జీవితమంతా రాసిన మహాకవి పక్కన, కల్లుగీత కులం నటుడు. ఆ ఎంపిక వెనక కర్ణాటక వెనకబడిన కులాల రాజకీయ ఎదుగుదల కూడా ఉంది. 1995 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. కన్నడ నటుల్లో దాన్ని అందుకున్న మొదటివారు ఆయనే.

భాష జెండా, దాని నీడ

1982లో గోకాక్ నివేదిక అమలు కోసం కన్నడ రచయితలు ఉద్యమం చేస్తున్నారు. పాఠశాలల్లో కన్నడానికి మొదటి స్థానం ఇవ్వాలన్నది డిమాండ్. రాజ్‌కుమార్ అందులోకి దిగి ఊరూరా తిరిగాక అది ప్రజా ఉద్యమమైంది, ప్రభుత్వం దిగిరాక తప్పలేదు. ఇంగ్లిషు, సంస్కృతం చేతుల్లో నలిగిన మామూలు జనం భాషకు ఆయన గొంతు కలిసింది. పల్లె బడి కూడా సరిగా చూడని మనిషి మాతృభాషలో చదువు కోసం నిలబడటంలో న్యాయం ఉంది.

దీనికి ఇంకో వైపూ ఉంది. ఆయన బొమ్మను జెండాగా పట్టుకున్న గుంపులు తర్వాతి కాలంలో కన్నడం మాట్లాడని పేదల మీద గట్టిగా అరిచాయి. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళితులు. వాళ్ల తాతముత్తాతలు మన రాయలసీమ జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్లు. భాషా గౌరవం గురించి మాట్లాడేటప్పుడు వాళ్ల బతుకు ఎవరి లెక్కలోకీ రాదు. రాజ్‌కుమార్‌ను రాజకీయాల్లోకి లాగాలని చాలామంది చూశారు. ఆయన ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు. కులం గురించి బహిరంగంగా పోరాడిన మనిషీ కాదు. జనం ఆయనలో తమను చూసుకున్నారు. ఆ బలాన్ని కుల ప్రశ్న మీద పెట్టి ఉంటే ఏమయ్యేదన్నది కర్ణాటక మిత్రులు ఇప్పటికీ అడుగుతున్న ప్రశ్నే.

అడవిలో 108 రోజులు

2000 జూలై 30 రాత్రి గాజనూరు ఇంటి నుంచి రాజ్‌కుమార్‌ను వీరప్పన్ ఎత్తుకుపోయాడు. 108 రోజుల తర్వాత, నవంబర్ 15న ఆయన బయటికి వచ్చారు. అప్పుడు పత్రికలన్నీ నటుడి ఆరోగ్యం గురించి, అభిమానుల ఆందోళన గురించి రాశాయి. వీరప్పన్ డిమాండ్లలో ఒకటి మాత్రం కింది వరసలోకి పోయింది. అతని కోసం వెతికే పేరుతో టాడా కింద అరెస్టయి, మైసూరు జైల్లో ఏళ్ల తరబడి మగ్గుతున్నవాళ్లను వదలాలన్నది ఆ డిమాండ్. వాళ్లలో ఎక్కువమంది అడవి అంచు పల్లెల పేదలు.

ఇది వీరప్పన్‌ను సమర్థించే మాట కాదు. అతను చంపిన అటవీ ఉద్యోగులు, పోలీసులు, పల్లె మనుషులు ఎందరో. కానీ ప్రత్యేక దళాల మీద వచ్చిన హింస ఆరోపణల విచారణకు జాతీయ మానవ హక్కుల కమిషన్ 1999లోనే జస్టిస్ సదాశివ ప్యానెల్‌ను వేసింది. 2007లో 89 మంది బాధితులకు 2.80 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వాలని కమిషన్ చెప్పింది. 'బేడర కన్నప్ప'లో చేయని దొంగతనం మోపి అడవి మనిషిని హింసించే ఘట్టం చూసి దేశం యోగ్యతా పత్రం ఇచ్చింది. అడవుల్లో నిజంగా జరిగినదానికి పరిహారం అన్న మాట వినపడటానికి అరవయ్యో దశకమో డెబ్బయ్యో దశకమో కాదు, 2007 దాకా ఆగాల్సి వచ్చింది.

కళ్లు

2006 ఏప్రిల్ 12న బెంగళూరులో రాజ్‌కుమార్ చనిపోయారు. ఆ రెండు రోజులూ నగరంలో అల్లర్లు జరిగాయి, ప్రాణాలు పోయాయి. కడసారి చూపు కోసం వచ్చిన జనాన్ని అదుపు చేయడం ఎవరి వల్లా కాలేదు.

ఆ గొడవలో ఒక పని నిశ్శబ్దంగా జరిగిపోయింది. డాక్టర్లు వచ్చి ఆయన కళ్లు తీసుకున్నారు. 1994లో నారాయణ నేత్రాలయలో తన పేరుతో నేత్ర నిధి మొదలైనప్పుడు ఆయన తన కళ్లు, కుటుంబం కళ్లు దానం చేస్తానని మాటిచ్చారు. ఆ మాట నిలబడింది. ఆ కళ్లతో ఇద్దరికి చూపు వచ్చింది. 2021లో కొడుకు పునీత్ రాజ్‌కుమార్ హఠాత్తుగా చనిపోయినప్పుడు ఆయన కళ్లూ ఇచ్చారు. ఆ తర్వాత కర్ణాటకలో నేత్రదానానికి పేర్లు రాయించుకునేవాళ్లు బారులు తీరారు.

సినిమాలో కన్నప్ప కళ్లు తన భక్తిని నిరూపించుకోవడానికి దేవుడికి ఇచ్చినవి. గాజనూరు ముత్తురాజు కళ్లు ఎవరికీ ఏదీ నిరూపించడానికి ఇచ్చినవి కావు. చూపు లేని మనుషులకు ఇచ్చినవి. తీసుకున్నవారి కులం ఆయనకు తెలియదు, ఇచ్చినవారి కులం వాళ్లకు అక్కర్లేదు.

ఎవరి పేరు మీద?

కర్ణాటక ప్రభుత్వం ఏటా ఇచ్చే సినిమా అవార్డుల్లో జీవితకాల సేవకు ఇచ్చేది డాక్టర్ రాజ్‌కుమార్ అవార్డు. తెలంగాణ తన సినిమా అవార్డులకు గద్దర్ పేరు పెట్టి, 2025 జూన్‌లో హైదరాబాద్‌లో తొలి వేడుక జరిపింది. నంది అవార్డు వచ్చినా వద్దన్న దళిత గాయకుడి పేరు ఇప్పుడు ఒక ప్రభుత్వ సినిమా పురస్కారానికి ఉంది. అవార్డులు ఇచ్చిన తీరు మీద విమర్శలు చేయవచ్చు, చేయాలి కూడా. కానీ పేరు చిన్న విషయం కాదు. ప్రతి ఏడూ వేదిక మీద ఆ పేరు పలకాల్సిందే, గెలిచినవాళ్లు ఆ పేరున్న జ్ఞాపికను ఇంట్లో పెట్టుకోవాల్సిందే.

ఆంధ్రప్రదేశ్ సంగతి చూద్దాం. 1964లో మొదలైన నంది అవార్డులు 2016 సినిమాల తర్వాత ఆగిపోయాయి. వాటిలో పెద్ద పురస్కారాలు రఘుపతి వెంకయ్య, బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి-చక్రపాణి, ఎన్టీఆర్ పేర్లతో ఉన్నాయి. వాళ్ల కృషిని ఎవరూ కాదనరు. ఆ వరసలో ఒక్క దళిత కళాకారుడి పేరు లేదు. మళ్లీ అవార్డులు మొదలుపెట్టాలని పరిశ్రమ అడిగినప్పుడల్లా, ఈసారి ఎవరి పేర్లు చేరుస్తారని మనం అడగాలి. వీధి నాటకం, చిందు, డప్పు, బుర్రకథల నుంచి తెలుగు సినిమాకు పాటనూ ఆటనూ ఇచ్చిన కులాలకు ఆ వేదిక మీద పేరు కావాలి.

తిన్నడి కథ మాత్రం ఆగలేదు. 1976లో బాపు 'భక్త కన్నప్ప' తీశారు, దాని శబ్దగ్రహణానికి జాతీయ అవార్డు వచ్చింది. 2025లో మరో 'కన్నప్ప' వచ్చింది. ప్రతి తరానికీ సినిమాకు తిన్నడు కావాలి. తిన్నడి జనం సంగతో? కర్ణాటకలో బేడ, వాల్మీకి పేర్లను 1991లో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చారు. మన రాష్ట్రంలో బోయ, వాల్మీకులు ఏజెన్సీ ప్రాంతాల్లో ఎస్టీలు, మైదానంలో బీసీ-ఏ. ఎస్టీ హోదా కోసం రాయలసీమ బోయలు దశాబ్దాలుగా అడుగుతున్నారు. ఉన్న కొద్ది వాటా తగ్గిపోతుందని ఏజెన్సీ ఆదివాసులు వ్యతిరేకిస్తున్నారు. ఇద్దరి భయమూ నిజమైనదే. దీన్ని తేల్చాల్సిన ప్రభుత్వాలు ఎన్నికల ముందు తీర్మానాలు చేసి తర్వాత మరిచిపోతున్నాయి.

రాజ్‌కుమార్ జీవితం విద్యార్థులకు చెప్పేది ఇదే. ఒక శ్రామిక కులం బిడ్డ కళతో ఎంత ఎత్తుకు పోగలడో ఆయన చూపించారు. ఆయనకు దక్కిన గౌరవాలు ఆయన సంపాదించుకున్నవి. అయితే ఒక మనిషికి పతకం వేసి, అతను వేషం కట్టిన జనానికి బాకీ తీరిపోయిందని అనుకుంటే కుదరదు. శ్రీకాళహస్తికి వెళ్లినప్పుడు కన్నప్ప కొండ కూడా ఎక్కి రండి. దిగేటప్పుడు, చుట్టుపక్కల పల్లెల్లో తిన్నడి వారసుల పిల్లలు ఏ బడిలో, ఏ తరగతిలో ఉన్నారో కూడా అడగండి.